ఖోలీకి తగ్గ చేప.. బకెట్టే కొలత!
నలుగురు విద్యార్థులు, ఒక గది, ఒక గాజు తొట్టి
కామాటిపురా, వర్లీ చాళ్లలో అక్వేరియం పెట్టుకునే ముందు చూసుకోవాల్సిన లెక్క

కామాటిపురా (ముంబై): నల్లా వచ్చే వేళకు గ్యాలరీ అంతా మేల్కొంటుంది. డ్రమ్ములు, బిందెలు, బకెట్లు వరస కడతాయి. స్నానాలకు ఎన్ని, వంటకు ఎన్ని, బట్టలకు ఎన్ని అన్నది ప్రతి గదికీ కంఠతా వచ్చిన లెక్క. గంటో రెండు గంటలో గడిస్తే నల్లా బంద్. మళ్లీ రేపే. ఇలాంటి గదిలో, పుస్తకాల అర పక్కన, ఓ చిన్న గాజు తొట్టి. అందులో నాలుగు రంగు చేపలు.

చదువుకోవడానికి వచ్చి గది పంచుకునే కుర్రాళ్లకు అదో ముచ్చట. కుక్కను పెంచుదామంటే చాల్‌లో చోటు లేదు. పిల్లిని తెస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు. చేపలైతే అరవవు, కరవవు, ఎవరికీ అడ్డం రావు. పరీక్షల రాత్రి కళ్లు మూతలు పడుతుంటే కాసేపు అటు చూస్తే మనసు తేలికపడుతుంది. అందుకే సెలవు రోజున క్రాఫర్డ్ మార్కెట్‌కో, కుర్లాకో వెళ్లి గాజు గిన్నె, గుప్పెడు రంగు రాళ్లు, రెండు గోల్డ్‌ఫిష్‌లు పట్టుకుని వస్తారు.

ఆ తర్వాతి కథ చాలా గదుల్లో ఒకటే. మూడోనాడు నీళ్లు మసకబారతాయి. ఐదోనాడు ఒక చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. వారం తిరిగేసరికి ఒకటి తేలుతుంది. ‘నీళ్లు ఎవరు మార్చాలి?’ అని గదిలో గొడవ మొదలవుతుంది. నెలాఖరుకు గిన్నె అటక మీదికి ఎక్కుతుంది.

తప్పు కుర్రాళ్ల శ్రద్ధలో లేదు. గదికి సరిపోని చేపను తేవడంలోనే ఉంది.

పది అడుగుల గది

కామాటిపురా అన్న పేరు తెచ్చింది తెలుగువాళ్లే. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ మహానగరానికి రాళ్లు మోసిన, గోడలు లేపిన కామాటీలు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల పేరే వాడకు నిలిచింది. ఆ తర్వాత మగ్గం వదిలి మిల్లుల్లో పనికి వచ్చిన పద్మశాలీలు వర్లీ, పరేల్ వైపు చాళ్లలో స్థిరపడ్డారు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లలో ఒక గది విస్తీర్ణం 160 చదరపు అడుగులు. అంతే. అందులోనే పొయ్యి, అందులోనే పడక, మూలన మోరీ. ఒకప్పుడు షిఫ్టుల లెక్కన మిల్లు కార్మికులు వంతులేసుకుని పడుకున్న ఖోలీలు ఇవి. ఇప్పుడు అలాంటి చోట్ల వంతులేసుకుని చదువుకునేవాళ్లూ ఉన్నారు.

ఈ గదికి మూడు హద్దులు ఉన్నాయి. నీళ్లు కొలత ప్రకారం వస్తాయి. పాత కట్టడాల్లో నేల కొయ్య దూలాల మీద ఆనుకుని ఉంటుంది. దసరాకో, వేసవికో గదికి తాళం పడుతుంది. చేపను ఎంచుకునేటప్పుడు రంగు కన్నా ముందు ఈ మూడూ చూడాలి.

గోల్డ్‌ఫిష్‌కు రెండు బకెట్లు

సినిమాల్లో, క్యాలెండర్లలో చూసి చూసి గాజు గిన్నె అంటే గోల్డ్‌ఫిష్ అన్నట్టు మనసులో పడిపోయింది. నిజానికి చిన్న గదికి అంతకన్నా పనికిరాని చేప మరొకటి వెతకడం కష్టం. అది చల్లని నీళ్ల చేప, కార్ప్ జాతిది. మన చెరువు బొచ్చె, రోహుల బంధుకోటిలోదే. దుకాణంలో రెండంగుళాలు ఉన్నది సరిగా పెరిగితే జానెడు అవుతుంది. పదేళ్లకు పైగా బతుకుతుంది. దాని కడుపులో జీర్ణాశయం అంటూ వేరుగా ఉండదు. తిన్నది తిన్నట్టు పేగులోకి వెళ్తుంది కాబట్టి ఎప్పుడూ ఆకలిగా కనిపిస్తుంది, ఎప్పుడూ విసర్జిస్తూనే ఉంటుంది.

గిన్నెలో పట్టేది నాలుగైదు లీటర్లు. ఆ కొద్ది నీటిలో చేప విసర్జించే అమ్మోనియా ఒక్క రోజులోనే పేరుకుంటుంది. మొప్పలు కాలినట్టు అవుతాయి. పైకొచ్చి నోరు తెరిచేది ఆకలితో కాదు, ఊపిరాడక. అది చూసి ‘పాపం, ఆకలేస్తున్నట్టుంది’ అని ఇంకో చిటికెడు మేత వేస్తారు. ఆ మేత కుళ్లి విషం రెట్టింపవుతుంది.

ఒక గోల్డ్‌ఫిష్ బాగుండాలంటే కనీసం 75 లీటర్ల నీళ్లు కావాలి. వారం వారం అందులో మూడో వంతుకు పైగా మార్చాలి. అంటే దాదాపు రెండు బకెట్లు. ఒక్క చేపకు! నలుగురు మనుషులు బకెట్లు లెక్కపెట్టుకుని స్నానాలు చేసే గదిలో అది సాగే పని కాదు.

అసలు కొలత ఇదీ

అక్వేరియం పుస్తకాల్లో అంగుళం చేపకు ఇన్ని లీటర్లు అన్న సూత్రాలు ఉంటాయి. చాల్ గదికి అంతకన్నా తేలికైన కొలత బకెట్. వారానికి ఒకరోజు, నల్లా వచ్చిన పూట, చేపల కోసం ఒక బకెట్ పక్కన పెట్టగలరా? పెట్టగలిగితే ఆ బకెట్‌కు సరిపోయే తొట్టే తెచ్చుకోవాలి. ఆ తొట్టికి సరిపోయే చేపనే వెయ్యాలి. ఇక్కడ లెక్క వెనక నుంచి ముందుకు నడవాలి. చాలామంది ముందు చేపను కొని, తర్వాత తొట్టి వెతికి, చివర్న నీళ్ల దగ్గర చిక్కుకుంటారు.

మామూలు బకెట్‌లో 15 నుంచి 20 లీటర్లు పడతాయి. పద్దెనిమిది అంగుళాల పొడవు, పది వెడల్పు, పన్నెండు ఎత్తు ఉన్న తొట్టిలో 35 లీటర్లు పట్టినా, అడుగున రాళ్లు, పైన వదిలే ఖాళీ పోను 30 లీటర్ల దాకా నిలుస్తాయి. వారానికి పాతిక శాతం మార్చాలంటే ఏడెనిమిది లీటర్లు. అర బకెట్ చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అయితే 50 లీటర్లు. దానికి వారానికి 15 లీటర్లు, అంటే ఒక బకెట్. ఖోలీకి ఇంతకు మించి వద్దు.

తీసిన నీళ్లు కూడా వృథా పోవు. గ్యాలరీలో తులసి కుండీకి, కరివేపాకు మొక్కకు అంతకన్నా మంచి ఎరువు లేదు.

ఒంటరి ఫైటర్

అర బకెట్ గదికి మొదటి చేప ఫైటర్. బెట్టా అని కూడా అంటారు. థాయ్‌లాండ్ వరి మడుల్లో, నిలవ నీళ్లలో పుట్టిన జాతి. 2019లో థాయ్‌లాండ్ దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. తోక విప్పితే పట్టుపావడా విప్పినట్టు ఉంటుంది.

ఈ చేపకు మొప్పలతో పాటు తల లోపల మరో శ్వాస అవయవం ఉంది. నీటి పైకి వచ్చి గాలి గుక్క తీసుకుంటుంది. మన కొరమీనుకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. చేపల బజారులో తట్టలో, చారెడు నీళ్లలో కొరమీను గంటల తరబడి బతికి ఉండటం అందరూ చూసిందే. ఫైటర్‌ను చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో వరసగా పేర్చి అమ్మగలగడానికీ అదే కారణం. దాన్ని చూసి గ్లాసులోనే పెంచొచ్చనుకుంటారు. తట్టలో కొరమీను బతికి ఉంటుంది కానీ బాగుండదు కదా! ఫైటర్‌కు కనీసం పది, పదిహేను లీటర్లు ఇవ్వాలి. ముప్ఫై లీటర్ల తొట్టిలో వేస్తే అది తిరిగే తీరే మారిపోతుంది.

షరతులు రెండు. మగది ఒక్కటే ఉండాలి. ‘ఒక్కటేనా? జోడీ తీసుకోండి’ అన్న మాట దుకాణాల్లో తరచూ వినిపిస్తుంది. రెండు మగవాటిని వేస్తే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. ఆడదాన్ని కూడా ఎప్పుడూ కలిపి ఉంచకూడదు. ఇక రెండోది మూత. ఫైటర్ ఎగిరి బయట పడుతుంది. గాలి ఆడేలా కన్నాలున్న మూత తప్పనిసరి. నీటి ఉష్ణోగ్రత 24 నుంచి 28 డిగ్రీలు ఉంటే హాయిగా ఉంటుంది. ముంబైలో ఏడాదిలో ఎక్కువ భాగం హీటర్ అవసరమే రాదు. జనవరిలో చలి రాత్రులు వస్తే తొట్టిని కిటికీ నుంచి కాస్త లోపలికి జరిపితే చాలు.

ఇంకో సంగతి. ఫైటర్ ఆయుష్షు రెండు మూడేళ్లు. డిగ్రీ కూడా మూడేళ్లే. చదువు అయ్యాక ‘ఈ చేపను ఏం చేద్దాం?’ అన్న ప్రశ్న రాకుండా పోయే జాతి ఇది.

గప్పీలు.. మగవే

ఒకటి కాదు, నాలుగు తిరుగుతుంటేనే చూడ్డానికి బాగుంటుంది అనేవాళ్లకు గప్పీలు. ముప్ఫై లీటర్లకు ఐదారు. ట్రినిడాడ్ దీవి నుంచి 1866లో ఈ చేపను లండన్ మ్యూజియానికి పంపిన రాబర్ట్ గప్పీ పేరే దీనికి స్థిరపడింది. దోమ పిల్లలను ఇష్టంగా తింటుంది కాబట్టి మలేరియా నివారణ కోసం ముంబై నగరపాలక సంస్థ బావుల్లో, నీటి తొట్లలో దీన్ని వదులుతూ వచ్చింది. అంత గట్టి పిండం.

చిక్కల్లా సంతానంతోనే. గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. నెలకోసారి ఇరవై, ముప్ఫై పిల్లలు. మగ గప్పీ సాంగత్యం ఒక్కసారి దొరికితే ఆడది ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. ఒంటరి ఆడదాన్ని తెచ్చినా పిల్లలు పుట్టడం అందుకే. మూడు నెలల్లో ముప్ఫై లీటర్ల తొట్టి కిక్కిరిసిపోతుంది. అందుకని మగవాటినే తెచ్చుకోవాలి. గుర్తుపట్టడం సులువు. మగది సన్నగా, తోక నిండా రంగులతో ఉంటుంది. ఆడది పెద్దగా, బొద్దుగా, రంగు తక్కువగా ఉంటుంది.

ఫైటర్‌ను, గప్పీలను ఒకే తొట్టిలో వేయడం మాత్రం వద్దు. గప్పీ తోక రంగు చూసి ఫైటర్ దాన్ని మరో ఫైటర్ అనుకుంటుంది.

బకెట్ ఉంటే చారల చేప

వారానికి నిండు బకెట్ ఇవ్వగలిగి, రెండడుగుల తొట్టికి చోటుంటే జీబ్రా చేపలు తెచ్చుకోవచ్చు. ఒళ్లంతా నీలి చారలు. వేలెడంత కూడా ఉండవు. ఇవి విదేశీవి కావు, మన దేశపు వాగులవే. గుంపుగా బతికే జాతి కాబట్టి ఆరుకు తగ్గకూడదు. ఒకటో రెండో తెస్తే బెదురుతూ మూలకు చేరతాయి. అటూ ఇటూ పరుగులు తీస్తాయి కనుక ఎత్తు కంటే పొడవున్న తొట్టి కావాలి. చలి, వేడి రెంటినీ ఓర్చుకుంటాయి.

బయాలజీ చదివే కుర్రాళ్లకు ఇది తెలిసిన చేపే. దీని గుడ్డు పారదర్శకం. లోపల గుండె కట్టడం, కొట్టుకోవడం మైక్రోస్కోప్ కింద కంటికి కనిపిస్తుంది. అందుకే ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దీన్ని పెంచుతారు. ముంబై కొలాబాలోని టీఐఎఫ్‌ఆర్‌లోనూ, హైదరాబాద్ సీసీఎంబీలోనూ దీని మీద పరిశోధనలు జరిగాయి.

ప్లాటీలు కూడా ఈ తొట్టికి సరిపోతాయి. నియాన్ టెట్రాలు అందంగా ఉంటాయి కానీ కొత్త తొట్టిలో నిలవవు. తొట్టి మూడు నాలుగు నెలలు కుదురుకున్నాకే వాటి మాట ఎత్తాలి.

బుల్లి ‘షార్క్’ అసలు రూపం

దుకాణంలో వేలెడంత ఉండి, వెండిలా మెరుస్తూ, చిన్న సొరచేపలా తిరిగే పిల్లను ‘షార్క్’ అని అమ్ముతారు. చాలామందికి తెలియనిది ఏమంటే, ఆ పేరుతో వచ్చేవాటిలో ఒక రకం అచ్చంగా పంగాసియస్. కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో టన్నుల లెక్కన పెంచేది, హోటళ్లలో ‘బాసా’ పేరుతో వడ్డించేది అదే జాతి. చెరువులో కిలోల బరువుకు పెరిగే చేప. దాన్ని ముప్ఫై లీటర్లలో పెట్టడమంటే ఎద్దును మోరీలో కట్టేసినట్టే!

ఆస్కార్ అడుగు పెరుగుతుంది. ఏంజెల్ ఆరంగుళాలు. టైగర్ బార్బ్ చిన్నదే కానీ పక్క చేపల తోకలు కొరుకుతుంది. అరోవానా, ఫ్లవర్‌హార్న్ కలిసొస్తాయని వాస్తు పేరుతో కొనేవాళ్లున్నారు. అవి పెద్ద హాలు, పెద్ద తొట్టి ఉన్నవాళ్ల సంగతి. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగున్నర దాకా పెరుగుతుంది. అది పాచి తినేది కొద్ది, విసర్జించేది చాలా. గులాబీ, పచ్చ, నీలం మెరుపులతో కనిపించే కొన్ని చేపలకు ఆ రంగు పుట్టుకతో రాదు. సూదితోనో, రంగు నీళ్లతోనో ఎక్కిస్తారు. అలాంటివి ఎక్కువ రోజులు ఉండవు.

కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ‘ఇది పూర్తిగా పెరిగితే ఎంత అవుతుంది?’ జవాబు జానెడు దాటితే ఆ తొట్టి వదిలి ముందుకు నడవడమే.

నీళ్లు తేటగా ఉంటే చాలదు

ముంబై నల్లా నీళ్లు ఏడు సరస్సుల నుంచి వస్తాయి. అప్పర్ వైతరణా, మోదక్ సాగర్, తాన్సా, మిడిల్ వైతరణా, భాత్సా, విహార్, తులసి. అంతా వాన నీరే కాబట్టి మన ఊళ్ల బోరు నీళ్లలా ఉప్పు పేరుకోదు. ఈ చిన్న చేపలకు ఇబ్బంది లేదు. ఇబ్బంది అందులో కలిపే క్లోరిన్‌తోనే. మనుషులకు క్రిములు చంపేది చేపకు మొప్పలు కాలుస్తుంది. నీళ్లు పట్టి మూత లేని బకెట్‌లో ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ చాలా వరకు ఎగిరిపోతుంది. తొందరుంటే దుకాణాల్లో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడొచ్చు. ఆ బకెట్ చేపలకే ప్రత్యేకం కావాలి. సబ్బు తగిలిన బకెట్ పనికిరాదు.

తొట్టి కొన్న రోజే చేపను వేయడం మరో పొరపాటు. రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజి మీద కంటికి కనిపించని బ్యాక్టీరియా పెరగాలి. అవి చేప వదిలే అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ ఏర్పాటు కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటికే నడుస్తున్న తొట్టి ఎవరిదైనా ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిని కొద్దిగా అడిగి తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది. పాలు తోడు పెట్టినట్టే ఇదీ. మొదట ఒకటి రెండు చేపలు వేసి, నెల తర్వాత మిగతావి తేవాలి. తొట్టి మురికైందని మొత్తం నీళ్లు పారబోసి, రాళ్లు సబ్బుతో కడిగితే పెట్టిన తోడంతా పోతుంది. మళ్లీ మొదటికే.

ఫిల్టర్ రోజంతా నడవాలి. చిన్న పంపు ఐదు వాట్లది. నెలంతా నడిచినా నాలుగు యూనిట్లు దాటదు. మీటర్ పంచుకునేచోట కూడా ఎవరూ మాట అనే ఖర్చు కాదు. పంపును నీటి మట్టానికి పైన ఉంచాలి. కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి పంపులోకి రాకుండా ఉంటాయి. కింద మడత వేసిన గుడ్డ పెడితే రాత్రి గుయ్యిమన్న చప్పుడు తగ్గుతుంది.

దోమల మందు.. బరువు

చాల్‌లో చేపలు చచ్చిపోవడానికి ఎవరూ అనుమానించని కారణం ఒకటుంది. అది దోమల మందు. స్ప్రేలు, లిక్విడ్ యంత్రాల్లో వాడే పైరెత్రాయిడ్ రకం మందులు చేపలకు కాలకూటం. మనిషికి తుమ్ము కూడా రాని మోతాదు చేపను చంపుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు, గల్లీలో పొగ మందు వదిలేటప్పుడు తొట్టిని తడి గుడ్డతో కప్పి, గాలి పంపు ఆపేయాలి. పంపు నడుస్తుంటే గదిలోని మందు గాలిని అదే నీటిలోకి కొడుతుంది. గాలి వీగాక మళ్లీ నడపాలి.

బరువు సంగతీ తక్కువది కాదు. లీటరు నీళ్లు కిలో బరువు. రెండడుగుల తొట్టి గాజు, రాళ్లు కలుపుకుని 70 కిలోలు దాటుతుంది. ఒక నిండు మనిషి ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడి ఉన్నట్టు. వందేళ్లు దాటిన కొయ్య దూలాల కట్టడంలో గది నడుమ పెట్టకూడదు. గోడ వారగా, దూలం పోయే చోట పెట్టాలి. అటక మీద, ప్లాస్టిక్ స్టూలు మీద అసలే వద్దు. నీళ్లు కారితే కింది గదివాళ్ల తల మీదే పడతాయి. పాత భవనాల పై అంతస్తుల్లో చిన్న తొట్టే క్షేమం.

దసరాకు తాళం పడితే

బతుకమ్మ, దసరా రోజులొస్తే గదులు ఖాళీ. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో నిజామాబాద్ వైపు, బస్సుల్లో కరీంనగర్, మహబూబ్‌నగర్ వైపు అంతా బయల్దేరతారు. తాళం వేసిన గదిలో చేపలు ఉండిపోతాయి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ‘వారం రోజులు ఉండం కదా’ అని వారం మేత ఒకేసారి వేసి వెళ్తారు. తిరిగి వచ్చేసరికి కంపు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగైదు రోజులు, అవసరమైతే వారం దాకా మేత లేకుండా ఉండగలదు. కుళ్లిన నీళ్లలో ఒక్క రోజు ఉండలేదు. బయల్దేరే ముందురోజు పాతిక శాతం నీళ్లు మార్చి, ఫిల్టర్ నడుస్తుండగా వదిలి వెళ్లడమే మంచిది. పది రోజులు దాటితే పక్క గది అక్కకో, అవ్వకో అప్పగించాలి. డబ్బా ఇచ్చి వెళ్లకూడదు. ‘పాపం, ఆకలితో ఉన్నాయి’ అని ప్రేమగా గుప్పెడు వేస్తారు. రెండు రోజులకు ఒకటి చొప్పున చిటికెడు మేతతో కాగితం పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద వారం పేరు రాసి ఇవ్వాలి. పొట్లం అయిపోతే మేత అయిపోయినట్టే.

వేసవిలో గది మొత్తానికే ఖాళీ చేస్తే? అడగాల్సిన ప్రశ్న కొనే రోజే అడుక్కోవాలి. చదువు అయ్యాక ఈ చేప ఎవరిది?

చెరువులో వదలొద్దు

పెరిగిన చేపను చంపలేక, పెంచలేక చెరువులోనో కాలువలోనో వదిలేయడం పుణ్యం అనుకుంటారు. దాని ఫలితం తెలుగు రాష్ట్రాల జాలర్లకు బాగా తెలుసు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం వచ్చిన సక్కర్ చేప కృష్ణా కాలువల్లో, చేపల చెరువుల్లో పెరిగిపోయింది. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. వలలు చింపుతుంది, మేత తింటుంది, బజారులో అమ్ముడుపోదు. జాలర్లు దాన్ని దయ్యం చేప అంటారు. ఊరికి తీసుకెళ్లి చెరువులో వదిలిన ఒక్క చేప, ఆ చెరువు మీద బతికే ఇళ్ల కూడు లాక్కోవచ్చు.

వద్దనుకున్న చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి. లేదా పెంచుకునే మరొకరికి అప్పగించాలి. అందుకే మళ్లీ మొదటి మాటే. రెండు మూడేళ్ల ఆయుష్షు, వేలెడు పొడవు ఉన్న చేపనే తెచ్చుకుంటే ఈ బాధ ఉండదు.

ఈ చదువును వృత్తిగా మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. వెర్సోవాలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ 1961లో మొదలై, 1989లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది. కాకినాడలోనూ దాని కేంద్రం ఉంది. తొట్టి దగ్గర మొదలైన ఇష్టం అక్కడి దాకా వెళ్లగలదు.

కొత్త ఫ్లాట్లకూ పాత లెక్కే

చాళ్ల రూపం మారుతోంది. వర్లీ బీడీడీ చాళ్ల పునర్నిర్మాణంలో మొదటి విడతగా 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళాలు అందాయి. 160 అడుగుల గది పోయి 500 అడుగుల ఫ్లాటు వచ్చింది. గది పెద్దదైంది కదా అని తొట్టీ పెద్దదవుతుంది, చేపా పెద్దదవుతుంది. నీళ్లు మాత్రం అవే ఏడు సరస్సులవి. వానలు ఆలస్యమైతే కోత తప్పదు. 2024 జూన్‌లో నగరమంతటికీ పది శాతం కోత పెట్టారు. ఆ రోజుల్లో చేపల బకెట్ కూడా మనుషుల బకెట్లతో పాటే వరసలో నిలబడింది.

అందుకే కొనేముందు తొట్టి ధర కాదు, బకెట్ అడగాలి. వారానికి అర బకెట్ ఇవ్వగల గదికి ఒక్క ఫైటర్ చాలు. అర బకెట్ కూడా కుదరదనుకుంటే ఇప్పుడు వద్దు, కుదిరిన రోజున తెచ్చుకోవచ్చు. చేప ఎక్కడికీ పోదు. తెచ్చాక మాత్రం దానికి వేరే చెరువు లేదు. మనం పోసిన నీళ్లే దాని లోకం.

గదికి తగ్గ ఎంపిక.. ఒక్క చూపులో

* వారానికి అర బకెట్, 30 లీటర్ల తొట్టి: ఒక మగ ఫైటర్, లేదా ఐదారు మగ గప్పీలు. రెండూ కలిపి కాదు.
* వారానికి నిండు బకెట్, 50 లీటర్ల తొట్టి: ఆరు నుంచి ఎనిమిది జీబ్రాలు, లేదా ఐదారు ప్లాటీలు.
* ఖోలీకి వద్దు: గోల్డ్‌ఫిష్, ‘షార్క్’, ఆస్కార్, ఏంజెల్, సక్కర్, అరోవానా.
* మేత: రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారంలో ఒకరోజు పస్తు మంచిదే.
* నీళ్లు: ఒక రోజు నిలవ ఉంచినవి. ఎప్పుడూ మొత్తం మార్చొద్దు.
* ఫిల్టర్ స్పాంజి: తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే పిండాలి. నల్లా కింద కడగొద్దు.
* గదిలో ఒక్కరి పేరు: నీళ్లు మార్చే వారం ఎవరిదో గోడ మీద రాసి పెట్టుకోవాలి. ‘అందరిదీ’ అన్న పని ఎవరిదీ కాదు.